2147483647 అనే ప్రధాన సంఖ్య: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంఖ్యలో ప్రత్యేకత ఏమిటి?

రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ఇది 2³¹ − 1. ద్విసంఖ్యామానంలో రాస్తే వరసగా 31 ఒకట్లు, మధ్యలో ఒక్క సున్నా కూడా ఉండదు. ఒకటి, తాను తప్ప దీనికి వేరే భాజకాలు లేవు. 2ని ఏదో ఒక ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. 3, 7, 31, 127, 8191, 131071, 524287 తర్వాత వచ్చే ఎనిమిదోది ఇదే.

ఇవాళ తెలిసిన పెద్ద ప్రధాన సంఖ్యల పక్కన ఇది చాలా చిన్నది. 2024 అక్టోబరులో బయటపడ్డ 2^136279841 − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. కానీ అంత పెద్ద సంఖ్య విషయంలో యంత్రం చెప్పిన మాట నమ్మాల్సిందే. 2147483647 మాత్రం ఓపిక ఉంటే కాగితం మీద నిరూపించుకోగలిగినంత చిన్నది, ఊరికే చూసి తేల్చలేనంత పెద్దది. పెద్ద ప్రధాన సంఖ్యల గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని మా అభిప్రాయం.

ఒక్క విషయం గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో చాలా భాగం వాటంతటవే అర్థమవుతాయి: ఈ సంఖ్యతో భాగించి శేషాలు చూస్తున్నంతసేపూ 2³¹, 1 ఒకటే.

31 ప్రధానం కాబట్టి 2³¹ − 1 కూడా ప్రధానమేనా?

2³¹ − 1 ప్రధానమే, కానీ 31 ప్రధానం కావడం దానికి కారణం కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. ఘాతాంకం సంయుక్తమైతే సంఖ్య తప్పకుండా సంయుక్తమే. ఉదాహరణకు 15 = 3 × 5 కాబట్టి 2¹⁵ − 1ని 7, 31 రెండూ భాగిస్తాయి (32767 = 7 × 31 × 151). ఘాతాంకం ప్రధానమైతే మాత్రం ఏ హామీ లేదు:

2¹¹ − 1 = 2047 = 23 × 89
2²³ − 1 = 8388607 = 47 × 178481
2²⁹ − 1 = 536870911 = 233 × 1103 × 2089

1644లో, ఈ సంఖ్యలకు పేరు వచ్చిన ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 257 వరకు ఏ ఘాతాంకాలు పనికొస్తాయో జాబితా ఇచ్చాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. ఇందులో 67, 257 తప్పు. 61, 89, 107 ఉండాల్సింది, లేవు. 2⁶⁷ − 1ని 193707721 × 761838257287గా విడగొట్టి చూపింది 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్. 31 విషయంలో మెర్సెన్ మాట నిజమే అయింది కానీ, నిరూపణ రావడానికి ఇంకో 128 ఏళ్లు పట్టింది.

ఇది ప్రధానమని మొదట నిరూపించింది ఎవరు? కంప్యూటర్ లేకుండా ఎలా?

లియోనార్డ్ ఆయిలర్, 1772లో. మూడో యోహాన్ బెర్నౌలీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు, తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది.

మామూలు పద్ధతిలో అయితే వర్గమూలం వరకు, అంటే 46340 వరకు, భాగించి చూడాలి. బేసి సంఖ్యలన్నిటితో భాగిస్తే 23169 భాగహారాలు. ఆయిలర్ రెండు జల్లెడలు పట్టి ఆ పనిని బాగా తగ్గించాడు.

మొదటి జల్లెడ: పి అనే ప్రధాన సంఖ్య 2³¹ − 1ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³¹ని పితో భాగిస్తే 1 మిగలాలి. 31 ప్రధానం కాబట్టి, 2 ఘాతాలను పితో భాగిస్తూ పోతే సరిగ్గా 31 మెట్లకోసారి శేషం 1కి తిరిగొస్తుంది, అంతకంటే ముందు రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం పి − 1 మెట్ల దగ్గర కూడా 1 రావాలి. కాబట్టి పి − 1ని 31 భాగించాలి. పి బేసి కాబట్టి 2 కూడా భాగించాలి. అంటే పిని 62తో భాగిస్తే 1 మిగలాలి.

రెండో జల్లెడ: 2³¹ శేషం 1 కాబట్టి 2³² శేషం 2. కానీ 2³² అంటే 65536 వర్గం. అంటే పి లోకంలో 2కి వర్గమూలం ఉంది. అది జరగాలంటే పిని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి.

రెండూ కలిపితే, పిని 248తో భాగిస్తే శేషం 1 లేదా 63. 46340 లోపు ఇలాంటివి, 63ని పక్కన పెడితే, 372 మాత్రమే. వరసగా మొదటి పదకొండు: 249, 311, 497, 559, 745, 807, 993, 1055, 1241, 1303, 1489. వీటిలో ప్రధానాలు 311, 1303, 1489 మూడే. మిగతావాటితో భాగించే పనే లేదు. చివరికి మిగిలేవి సుమారు 80 ప్రధాన సంఖ్యలు.

311ని దగ్గర నుంచి చూద్దాం. పది అంకెల సంఖ్యను నేరుగా భాగించక్కర్లేదు, శేషాలను వర్గం చేసుకుంటూ పోతే చాలు. 2⁸ = 256, అంటే −55. దాని వర్గం 3025, శేషం 226, అంటే −85, ఇది 2¹⁶. 2²⁴ = (−55) × (−85) = 4675, శేషం 10. ఇక 2³¹ = 10 × 128 = 1280, శేషం 36. అందులోంచి 1 తీసేస్తే 35. సున్నా రాలేదు కాబట్టి 311 భాజకం కాదు. సరిచూసుకోవాలంటే: 311 × 6905092 + 35 = 2147483647. మిగతావాటికీ ఇలాగే చేసుకుంటూ పోవాలి. ఒక్కదానికీ శేషం సున్నా రాదు.

అంతకంటే దగ్గరి దారి ఉందా?

ఉంది, లూకాస్–లేమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం తీసుకోండి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే ప్రధానం, లేకపోతే సంయుక్తం. ఘాతాంకం బేసి ప్రధానం అయినప్పుడే ఇది వర్తిస్తుంది.

31కి, అంటే 2⁵ − 1కి, మూడు సార్లు చేయాలి: 4 → 14 → 194, శేషం 8 → 62, శేషం 0. ప్రధానం.

2047కి తొమ్మిది సార్లు: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర సున్నా రాలేదు. సంయుక్తం. దీని భాజకాలేమిటో మాత్రం ఈ పరీక్ష చెప్పదు, అదే దీని పరిమితి.

2147483647కి 29 సార్లు చేయాలి. మొదట్లో వచ్చేవి 4, 14, 194, 37634, 1416317954. ఇక్కడి నుంచి శేషం తీయాల్సి వస్తుంది. మీ ప్రోగ్రామ్ సరిగా నడుస్తోందో లేదో కనిపెట్టడానికి ఒక మంచి గుర్తు ఉంది. చివరి మెట్టులో సున్నా రావాలంటే దాని ముందు మెట్టులోని సంఖ్య వర్గం 2 కావాలి. కాబట్టి అక్కడ 65536 గానీ, దాని రుణరూపమైన 2147418111 గానీ ఉండాలి. ఇంకేది కనిపించినా ఎక్కడో తప్పు జరిగినట్టే. మామూలుగా జరిగే తప్పు 29కి బదులు 30 లేదా 31 సార్లు తిప్పడం. సున్నా తర్వాత −2, ఆ తర్వాత 2 వస్తాయి. దాంతో ప్రధాన సంఖ్యను సంయుక్తం అనేస్తారు.

ఫెర్మా పరీక్ష 2 ఆధారంగా చేస్తే సరిపోదా?

ఫెర్మా పరీక్ష అంటే, 2ని పరీక్షిస్తున్న సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందో లేదో చూడడం. ఈ రకం సంఖ్యలకు అది బొత్తిగా పనికిరాదు. ఘాతాంకం ప్రధానమైన ప్రతి మెర్సెన్ సంఖ్యా, అది సంయుక్తమైనా సరే, 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్షలో నెగ్గుతుంది. 2047ని చూడండి: 2¹¹ శేషం 1, పైగా 2046ని 11 భాగిస్తుంది. కాబట్టి 2^2046 శేషం 1 రాక తప్పదు. దాన్నే ఇంకాస్త కఠినం చేసిన మిల్లర్–రాబిన్ పరీక్షలో కూడా ఇదే కథ: 2046లో సగమైన 1023 = 11 × 93 కాబట్టి అక్కడా 2047 దాటిపోతుంది.

32 బిట్లలో పట్టే సంఖ్యలకు మిల్లర్–రాబిన్‌ను 2, 7, 61 అనే మూడు ఆధారాలతో చేస్తే జవాబు కచ్చితం, అదృష్టం మీద ఆధారపడదు. ఈ మూడూ 4759123141 కంటే తక్కువ సంఖ్యలన్నిటికీ సరిపోతాయి.

నా ప్రోగ్రామ్ చిన్న సంఖ్యలకు సరిగా చెబుతోంది. దీన్ని మాత్రం సంయుక్తం అంటోంది. ఎందుకు?

లూప్ షరతు "ఐ × ఐ ≤ ఎన్" అని రాసి ఉంటారు (ఐ అంటే భాగించి చూసే సంఖ్య, ఎన్ అంటే పరీక్షిస్తున్న సంఖ్య), ఐని 32 బిట్ల ఇంటీజర్‌గా పెట్టి ఉంటారు. 46340 వర్గం 2147395600, ఇది పడుతుంది. 46341 వర్గం 2147488281, అందులో పట్టే గరిష్ఠ విలువైన 2147483647ని దాటేసింది. జావాలో అది చుట్టు తిరిగి −2147479015 అవుతుంది. ఎన్ కంటే తక్కువే కాబట్టి లూప్ ఆగదు. అసలు గుర్తు (+/−) ఉన్న 32 బిట్ల ఇంటీజర్‌లో ఏ విలువైనా 2147483647 కంటే ఎక్కువ కాలేదు, అందుకే ఆ షరతు ఎప్పటికీ నిజమే. లూప్ నడిచి నడిచి ఐ విలువ 2147483647 దాకా వెళ్లి, సంఖ్యను దానితోనే భాగించి, "భాజకం దొరికింది" అంటుంది. సీ భాషలో అయితే గుర్తు ఉన్న ఇంటీజర్ పొంగిపోతే ఏం జరగాలో భాషే నిర్ణయించలేదు, ఏదైనా జరగవచ్చు.

షరతును "ఐ ≤ ఎన్ ÷ ఐ" అని మార్చండి. లేదా గుణకారాన్ని 64 బిట్లలో చేయండి.

జావాస్క్రిప్ట్‌లో తప్పు ఇంకో రకంగా వస్తుంది. అక్కడ మామూలు సంఖ్యలు 2⁵³ వరకే కచ్చితం. 31 బిట్ల సంఖ్యలు రెండు గుణిస్తే 62 బిట్ల దాకా వస్తుంది, చివరి అంకెలు చప్పుడు లేకుండా పోతాయి. బిగ్‌ఇంట్ వాడాలి.

భాగహారం లేకుండా శేషం తీయవచ్చంటారు, ఎలా?

2³¹ అంటే 1 కాబట్టి. లబ్ధాన్ని కింది 31 బిట్లు, పైన మిగిలినవి అని రెండు ముక్కలు చేసి కూడండి. మొత్తం 2147483647కి సమానమైనా, మించినా ఒకసారి తీసేయండి. అంతే.

282475249 × 16807 తీసుకుందాం. లబ్ధం 4747561509943. ఇందులో 2³¹ (2147483648) 2210 సార్లు పోతుంది, మిగిలేది 1622647863. రెండూ కూడితే 1622650073. అదే శేషం.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి రెండు. గుణించే రెండు సంఖ్యలూ ముందే 0 నుంచి 2147483646 మధ్యకు దిగి ఉండాలి, అప్పుడే ఒక్కసారి తీసేస్తే చాలు. ఇక పోలికలో "సమానమైతే" అన్నది మర్చిపోతే సున్నాకి రెండు రూపాలు తయారవుతాయి: 0 ఒకటి, 2147483647 ఒకటి. లెక్కలు నడుస్తాయి కానీ, సమానత్వం చూసే చోట ఒకే విలువ రెండు వేర్వేరు విలువల్లా కనిపిస్తుంది. చాలా రోజులు దొరకకుండా తిరిగే రకం తప్పు ఇది.

కంప్యూటర్‌లో 32 బిట్ల గరిష్ఠ విలువ కూడా ఇదే. రెండింటికీ సంబంధం ఉందా?

లేదు, కలిసొచ్చింది అంతే. ఒక బిట్ గుర్తుకు పోగా మిగిలిన 31 బిట్లలో పట్టే పెద్ద సంఖ్య ఇది. 8 బిట్లలో వచ్చే 127 ప్రధానమే. 16 బిట్లలో వచ్చే 32767 కాదు. 64 బిట్లలో వచ్చే 2⁶³ − 1 కూడా కాదు, దాన్ని 7 రెండుసార్లు భాగిస్తుంది. 2038 జనవరి 19న, యూటీసీ ప్రకారం 03:14:07కి, 1970 మొదలు నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల యునిక్స్ గడియారాలు చేరుకునే చివరి సెకను కూడా ఈ సంఖ్యే. దానికీ ప్రధానత్వంతో పని లేదు.

యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్లలో 16807 ఎందుకు కనిపిస్తుంది?

2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. ఒక సంఖ్యను పదే పదే తనతో గుణిస్తూ శేషాలు తీస్తే, 1 నుంచి 2147483646 వరకు అన్ని విలువలనూ ఒక్కోసారి తాకి గానీ 1కి తిరిగి రాకూడదు. అలాంటి సంఖ్యను ప్రిమిటివ్ రూట్ అంటారు. ఇక్కడ అన్నిటికంటే చిన్న ప్రిమిటివ్ రూట్ 7. 16807 అంటే 7⁵. 2147483646ని 5 భాగించదు కాబట్టి 7⁵ కూడా ప్రిమిటివ్ రూటే. మొత్తం 53,46,00,000 ఉన్నాయి, అంటే యాదృచ్ఛికంగా ఎంచుకుంటే నాలుగింట ఒకటి తగులుతుంది.

మీరు ఎంచుకున్న సంఖ్య పనికొస్తుందో లేదో తేల్చడానికి ఏడు ఘాతాలు లెక్కిస్తే చాలు. 2147483646ని 2, 3, 7, 11, 31, 151, 331లతో విడివిడిగా భాగించి, ఆ ఘాతాలకు పెంచి చూడండి. ఒక్కచోట కూడా 1 రాకపోతే అది ప్రిమిటివ్ రూట్.

1988లో పార్క్, మిల్లర్ సూచించిన జనరేటర్ ముందు విలువను 16807తో గుణించి, 2147483647తో భాగించిన శేషాన్ని తర్వాతి విలువగా ఇస్తుంది. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073 వస్తాయి. మూడోది పైన కాగితం మీద చేసిన లెక్కే. పదివేలో విలువ 1043618065 రావాలి. మీ కోడ్‌ను దీనితో సరిచూసుకోండి. సీడ్‌గా, అంటే మొదటి విలువగా, 0 గానీ 2147483647 గానీ ఇవ్వకూడదు, ఇస్తే ఎప్పటికీ సున్నాలే వస్తాయి. ఒక్క విలువ చూస్తే తర్వాతివన్నీ చెప్పేయవచ్చు కాబట్టి పాస్‌వర్డ్‌లకు, కీలకు దీన్ని అస్సలు వాడవద్దు.

స్ట్రింగ్ హ్యాషింగ్‌కు ఇది మంచిదేనా?

చిన్న పనులకు మంచిదే. హ్యాష్ అంటే స్ట్రింగ్‌లోని అక్షరాలను ఒక ఆధార సంఖ్య ఘాతాలతో గుణించి కూడి తీసే శేషం. సుమారు 54,500 వేర్వేరు స్ట్రింగులు చేరేసరికి ఏవో రెండిటికి ఒకే హ్యాష్ వచ్చే అవకాశం సగానికి చేరుతుంది. లక్షల్లో ఉంటే 2⁶¹ − 1 వాడండి. అదీ మెర్సెన్ ప్రధానమే, ముక్కలు చేసి కూడే చిట్కా దానికీ పనిచేస్తుంది.

ఆధారంగా 2 ఘాతాలను, ముఖ్యంగా 256ను, ఎంచుకోకండి. 256 ఘాతాలు 31 మెట్లకోసారి 1కి తిరిగొస్తాయి. అంటే ఒకదానికొకటి 31 స్థానాల దూరంలో ఉన్న రెండు అక్షరాలను తారుమారు చేసినా హ్యాష్ మారదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు యాదృచ్ఛికంగా ఒక ఆధారం తీసుకోవడమే క్షేమం.

ఈ సంఖ్య దృష్ట్యా వర్గమూలాలు ఎలా కనుక్కోవాలి?

ఇది దీని అందమైన గుణాల్లో ఒకటి. సంఖ్యను వరసగా 29 సార్లు వర్గం చేయండి, వచ్చేదే వర్గమూలం. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలకు, దానికి ఒకటి కలిపి నాలుగో వంతు తీసుకుంటే అదే కావలసిన ఘాతం. ఇక్కడ ఆ నాలుగో వంతు సరిగ్గా 2²⁹. 2తో మొదలుపెట్టి చేస్తే 65536 వస్తుంది.

సున్నా కాని విలువల్లో సగానికే వర్గమూలం ఉంటుంది. లేనిదానికి ఇదే పద్ధతి వాడితే దాని రుణరూపానికి వర్గమూలం వచ్చి కూర్చుంటుంది. అందుకే జవాబును ఒకసారి వర్గం చేసి సరిచూడడం తప్పనిసరి.

ఈ గుణం నుంచే ఇంకొకటి వస్తుంది. −1కి ఇక్కడ వర్గమూలం లేదు కాబట్టి, ఎక్స్ వర్గం + వై వర్గం = 1 అనే వృత్తం మీద సరిగ్గా 2³¹ బిందువులుంటాయి. 2147483646లో 2 ఒక్కసారే ఉండడం వల్ల మామూలు వేగ ఫోరియర్ పరివర్తన (విలువల వరసను పదే పదే సగాలుగా చేసి లెక్కించే పద్ధతి) ఈ శేషాల మీద కుదరదు. వృత్తం మీద కుదురుతుంది. ఈ మధ్య క్రిప్టోగ్రఫీ నిరూపణ పద్ధతుల్లో ఈ ప్రధాన సంఖ్యకు మళ్లీ గిరాకీ రావడానికి ఇదే కారణం.

పరిపూర్ణ సంఖ్యలతో సంబంధం?

2³⁰ × 2147483647 = 2305843008139952128. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య: తాను తప్ప మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే. ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోరనీ, ఉపయోగం లేని పనికి ఎవరూ పూనుకోరనీ 1811లో పీటర్ బార్లో రాశాడు. 1876లో లూకాస్ 2¹²⁷ − 1ని ప్రధానమని తేల్చాడు, దాంతో ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య దొరికి బార్లో మాట తప్పింది.

ఇది జంట ప్రధానమా?

కాదు. రెండు తక్కువైన 2147483645 అయిదుతో ముగుస్తుంది. రెండు ఎక్కువైన 2147483649 = 3 × 715827883. దీనికి ముందున్న ప్రధానం 2147483629, తర్వాతిది 2147483659. మొదటి నుంచి లెక్కపెడితే ఇది 10,50,97,565వ ప్రధాన సంఖ్య.

దీన్నే ఘాతాంకంగా పెడితే ప్రధానం వస్తుందా?

ఆశ కలగడం సహజం. 3, 7, 31, 127లను ఘాతాంకాలుగా పెడితే నాలుగుసార్లూ ప్రధానాలే వస్తాయి. 2147483647 కూడా అలా 31 నుంచి వచ్చిందే. కానీ 2^2147483647 − 1 సంయుక్తం. సుమారు 64.6 కోట్ల అంకెలున్న ఆ సంఖ్యను 295257526626031 నిశ్శేషంగా భాగిస్తుంది. ఆయిలర్ మొదటి జల్లెడ ఇక్కడా కనిపిస్తుంది: 295257526626031 = 137490 × 2147483647 + 1.

మీరే సరిచూడవచ్చు, క్షణం పట్టదు. ఘాతాంకంలో 31 ఒకట్లే ఉన్నాయి కాబట్టి 2తో మొదలుపెట్టి, "వర్గం చేయి, రెట్టింపు చేయి, శేషం తీయి" అన్నదాన్ని 30 సార్లు చేయాలి. చివర 1 రావాలి. భాజకానికి 49 బిట్లు కావాలి కాబట్టి వర్గాలు 98 బిట్ల దాకా వెళ్తాయి. 64 బిట్లలో చేస్తే పొంగిపోయి ఏదో తప్పు సంఖ్య వస్తుంది. 128 బిట్ల రకం గానీ, పైథాన్‌లోలా హద్దు లేని ఇంటీజర్లు గానీ వాడండి.